సాయంత్రం తిరిగొచ్చే ముఖం

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు వైపు వెళ్లే దారిలో సాయంత్రం ఆరు దాటాక అగ్గిపెట్టె ఫ్యాక్టరీల వ్యాన్లు ఒక్కో ఊరి మొగదల ఆగుతాయి. ఇక్కడి జనం వాటిని ఫ్యాక్టరీలనరు, ఆఫీసులంటారు. పగలంతా ఆ ‘అగ్గిపెట్టె ఆఫీసు’లో పుల్లలు పేర్చి, పెట్టెలు నింపి అలసిపోయిన ఆడవాళ్లు టిఫిన్ క్యారియర్లతో దిగి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలని గబగబా నడుస్తారు. అలాంటి ఒక సాయంత్రం ఓ తెలుగింటి వాకిట్లో చూసిన సంగతి ఇది. పద్నాలుగు నెలల పాప అవ్వ చంకలో ఉంది. తల్లి గడప బయటే కాళ్లూ చేతులూ కడుక్కుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ‘రావే బంగారు’ అంటూ చేతులు చాపింది. పాప ఒక్క క్షణం తల్లిని తేరిపార చూసింది. వెంటనే మొహం తిప్పేసి అవ్వ భుజంలో దాచుకుంది.

తల్లి చేతులు అలాగే ఉండిపోయాయి. “ఏం అత్తా, దీనికి నేను గుర్తే లేనా?” అంది. గొంతు వణికింది.

“గుర్తు లేకపోవడమేంది? నాలుగు గంటల నుంచి వాకిలి వైపే చూస్తా ఉంది” అంది అవ్వ.

ఇద్దరూ చూసింది ఒకే బిడ్డను. ఒకరికి అది మరుపులా కనిపించింది, మరొకరికి ఎదురుచూపులా. పసిబిడ్డ తనను సాకే మనిషికి దూరమైతే ఏమవుతుందన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు దాదాపు 80 ఏళ్లుగా జవాబు వెతుకుతున్నారు. వాళ్లు తేల్చిన సంగతులు ఆ తల్లికీ ఆ అవ్వకూ తెలియాల్సినవి.

నల్లరేగడి మీద ఒక ప్రశ్న

తూత్తుకుడి జిల్లాలో కోవిల్‌పట్టి, పక్కనే విరుదునగర్ జిల్లా. ఆ జిల్లాలోవే సాత్తూరు, శివకాశి. ఇదంతా వానను నమ్ముకున్న నల్లరేగడి నేల. తమిళంలో కరిసల్ అంటారు. వందల ఏళ్ల కిందట ఉత్తరాన ఉన్న తెలుగు నేల నుంచి దిగివచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు, అరుంధతీయులు ఎంతోమంది ఇప్పటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఆ వలస కథను ‘గోపల్ల గ్రామం’ పేరుతో తమిళంలో నవలగా రాసిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్.

వాన మొహం చాటేస్తే ఈ నేల మీద పంట ఉండదు. 1922లో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొచ్చారు. ఆ తర్వాత అగ్గిపెట్టెలు, టపాకాయలు, అచ్చు పనులు ఈ ప్రాంతానికి అన్నం పెట్టాయి. అగ్గిపెట్టెల పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. చేసినంత పనికే కూలి కాబట్టి ఒక పూట మానితే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే ఇక్కడ ‘తల్లి పనికి వెళ్లాలా వద్దా’ అన్నది ప్రశ్నే కాదు. ఆమె వెళ్లిన ఆ పదీ పన్నెండు గంటలూ బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుంది, ఆ చేతులు రోజూ అవేనా అన్నదే ప్రశ్న.

పాలు పట్టినంత మాత్రాన

బిడ్డ పుట్టకముందే తల్లి గొంతుతో పరిచయం పెంచుకుంటుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు మూడు రోజులు కూడా నిండని శిశువుల నోటికి పాలపీక లాంటి పరికరం ఇచ్చి చూశారు. ఒక పద్ధతిలో చప్పరిస్తే తల్లి గొంతు, ఇంకో పద్ధతిలో చప్పరిస్తే వేరే ఆడమనిషి గొంతు వినిపించేలా అమర్చారు. శిశువులు తల్లి గొంతు వినిపించేలా తమ చప్పరింపును మార్చుకున్నారు. వాసన సంగతీ అంతే. వారం తిరిగేసరికి తన తల్లి పాలవాసన వచ్చే గుడ్డ వైపు తల తిప్పుతుంది బిడ్డ. తల్లి పాత చీరతో కట్టిన ఉయ్యాలలో పిల్లలు త్వరగా నిద్రపోతారని మన పెద్దవాళ్లు చెప్పే మాటను ఈ వెలుగులో చూస్తే అందులో ఎంత అర్థముందో తెలుస్తుంది.

అయితే పరిచయం వేరు, అనుబంధం వేరు. మూడు నాలుగు నెలల బిడ్డ ఎవరు నవ్వించినా నవ్వుతుంది, ఎవరెత్తుకున్నా వెళ్తుంది. ఏడెనిమిది నెలలు వచ్చేసరికి కథ మారుతుంది. కొత్త ముఖం చూస్తే పెదవి విరుస్తుంది, అమ్మ గది దాటితే గుక్కపట్టి ఏడుస్తుంది. కళ్లముందు లేని మనిషి కూడా ఎక్కడో ఉందన్న జ్ఞానం అప్పుడే మొలకెత్తుతుంది. కానీ ఎప్పుడొస్తుందో లెక్కకట్టే శక్తి ఇంకా రాలేదు. ‘సాయంత్రం’ అన్న మాట ఆ బిడ్డకు అర్థం కాదు. వెళ్లడం కనిపిస్తుంది, రావడం ఊహకందదు. అందుకే పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఎడబాటు బాధ అన్నిటికంటే తీవ్రంగా ఉంటుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, చటుక్కున తీసి ‘ఇదిగో’ అంటూ పిల్లల్ని నవ్విస్తాం కదా. మాయమైన ముఖం మళ్లీ వస్తుందని నేర్పే మొదటి పాఠం ఆ ఆటే.

బిడ్డ ఈ అనుబంధాన్ని ఎవరితో పెంచుకుంటుంది? 1964లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు గ్లాస్గో నగరంలో 60 మంది శిశువులను నెలనెలా ఇళ్లకు వెళ్లి గమనించి ఫలితాలు ప్రకటించారు. పాలు పట్టి, గుడ్డలు మార్చినంత మాత్రాన బిడ్డ ఆ మనిషికి చేరువ కాలేదు. తన ఏడుపుకు, నవ్వుకు, ఊకొట్టడానికి వెంటనే స్పందించిన మనిషినే అంటిపెట్టుకుంది. ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమందికి అలాంటి మనుషులు ఒక్కరు కాదు, ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నాన్న, అమ్మమ్మ, అక్క, ఎవరైనా కావచ్చు. బిడ్డ మనసులో చోటుంది. కానీ అది ఎవరొచ్చినా కూర్చునే అరుగు కాదు. కొద్దిమందికే, వాళ్లు పదేపదే వచ్చి నిలబడితేనే దొరికే చోటు.

తొమ్మిది రోజుల్లో ఏం జరిగింది

ఒకప్పుడు బ్రిటన్ ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్చుకుంటే తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. వస్తే పిల్లలు ఏడుస్తారని, రాకపోతే ‘సర్దుకుంటారని’ నర్సులు, డాక్టర్లు నమ్మేవారు. ఆ సర్దుకోవడం ఎలాంటిదో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్త దగ్గరుండి చూశాడు. ముందు బిడ్డ తిరగబడుతుంది. ఏడుస్తుంది, తలుపు వైపే చూస్తుంది, దగ్గరకొచ్చిన వాళ్లను తోసేస్తుంది. తర్వాత నీరసించి, తిండి మానేసి, ఒక మూల ముడుచుకుంటుంది. ఆపైన మామూలుగా కనిపిస్తుంది. తింటుంది, ఎవరి దగ్గరికైనా వెళ్తుంది, నవ్వుతుంది కూడా. నర్సులు హమ్మయ్య అనుకునేది అప్పుడే. తల్లి వస్తే మాత్రం ఎవరో వచ్చినట్టు చూస్తుంది. ఆ మూడో దశే అన్నిటికంటే ప్రమాదమని రాబర్ట్‌సన్ పోరాడాడు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో గడిపిన రెండేళ్ల పాప మీద 1952లో ఆయన తీసిన సినిమా వైద్యుల్లో దుమారం రేపింది. 1959లో బ్రిటన్ ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రుల్ని ఎప్పుడంటే అప్పుడు రానివ్వాలని సిఫార్సు చేసింది.

తర్వాత జేమ్స్, ఆయన భార్య జాయిస్ ఇంకో మెట్టు ఎక్కారు. తల్లి కాన్పుకు వెళ్లినప్పుడు కొన్ని రోజులు విడిగా ఉండాల్సి వచ్చిన చిన్నారులను గమనించారు. పదిహేడు నెలల జాన్ తొమ్మిది రోజులు ఒక శిశుగృహంలో ఉన్నాడు. అక్కడ నర్సులు మంచివాళ్లే. కానీ షిఫ్టు మారేకొద్దీ మనిషి మారేది. జాన్ ఒక్కో నర్సు దగ్గరికి వెళ్లేవాడు, ఆమె ఇంకో బిడ్డ కోసం లేచి వెళ్లేది. చివరికి పెద్ద బొమ్మ ఎలుగుబంటిని కావలించుకుని నేల మీద పడుకునేవాడు. తొమ్మిదో రోజు అమ్మ వస్తే ఆమె ఒడిలోంచి జారిపోయాడు. ఇంకో నలుగురు పిల్లలను మాత్రం రాబర్ట్‌సన్ దంపతులు తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. తల్లి ఫొటో చూపిస్తూ, తల్లి కబుర్లు చెబుతూ, ఇంట్లో తినే తిండే పెడుతూ జాయిస్ ఒక్కతే వాళ్లను చూసుకుంది. ఆ పిల్లలూ దిగులుపడ్డారు, కానీ విరిగిపోలేదు. తల్లి రాగానే దగ్గరికెళ్లారు.

ఎడబాటు అంటే ఒకటి కాదు, రెండని దీంతో తేలింది. అమ్మ కొంతసేపు లేకపోవడం ఒకటి. అమ్మ లేని వేళ తన మనిషంటూ ఎవరూ లేకపోవడం ఇంకొకటి. బిడ్డను దెబ్బతీసేది ఎక్కువగా ఆ రెండోది.

ఒంట్లో జరిగే పని

అమ్మ అన్న మాటను మనం మనసుకే ముడిపెడతాం. శరీరశాస్త్రం ఆ మాటను ఒంటికీ ముడిపెట్టింది. మైరన్ హోఫర్ అనే అమెరికన్ వైద్యుడు ఎలుక పిల్లల్ని తల్లి నుంచి వేరుచేసి చూశాడు. తల్లి ఒంటి వెచ్చదనం పిల్లల చురుకుదనాన్ని అదుపు చేస్తోంది. పాలు గుండె వేగాన్ని నిలబెడుతున్నాయి. తల్లి తాకిడి ఎదుగుదలకు సంబంధించిన రసాయనాలను నడిపిస్తోంది. తల్లి దూరమైతే ఇవన్నీ వేటికవి తెగిపోతాయి. అంటే పసి శరీరం ఇంకా తనను తాను పూర్తిగా నడుపుకోలేదు. ఆ పనిలో కొంత తల్లి ఒళ్లే చేసిపెడుతోంది.

భయం వేసినప్పుడు మెదడు అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతుంది, కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. ఆపద గట్టెక్కాక ఆ హార్మోన్ తగ్గాలి. పెద్దవాళ్లం ఊపిరి పీల్చుకుని, ఎవరితోనైనా చెప్పుకుని తేరుకుంటాం. పసిబిడ్డ చేతిలో ఆ మీట లేదు. ఎత్తుకుని వీపు నిమిరే మనిషే దాని మీట. ఆ మనిషి రోజుల తరబడి దొరక్కపోతే ఒళ్లు ఎప్పుడూ ఆపదలో ఉన్నట్టే పనిచేస్తుంది. ఆ అలవాటు పెరుగుతున్న మెదడులో గట్టిపడుతుంది.

మాంట్రియల్‌లో మైకేల్ మీనీ అనే శాస్త్రజ్ఞుడి బృందం దీని లోతు చూసింది. పిల్లల్ని బాగా నాకి శుభ్రం చేసే తల్లి ఎలుకల పిల్లలు పెద్దయ్యాక చిన్న చిన్న ఒత్తిళ్లకు బెదరలేదు. తక్కువగా నాకే తల్లుల పిల్లలు బెదిరాయి. పుట్టగానే పిల్లల్ని అటూ ఇటూ మార్చి పెంచితే, స్వభావం కన్నతల్లిది కాక పెంచిన తల్లిది వచ్చింది. 2004లో వాళ్లు ప్రచురించిన పరిశోధన ప్రకారం తల్లి స్పర్శ మెదడులో ఒత్తిడిని అదుపు చేసే జన్యువు మీది రసాయన గుర్తులనే మార్చింది. జన్యువు అదే, అది పలికే తీరు మారింది. ఎలుకల సంగతి మనుషులకు యథాతథంగా వర్తించదు. స్పర్శ మాత్రం మనిషి బిడ్డకూ మందే. 1986లో టిఫనీ ఫీల్డ్ అనే మనస్తత్వవేత్త బృందం నెలలు నిండక పుట్టిన శిశువుల ఒళ్లు రోజుకు మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున, పది రోజులు నెమ్మదిగా నిమిరించింది. మిగతా శిశువుల కంటే వాళ్లు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, ఒళ్లు సాగదీసి నీళ్లు పోసే దృశ్యం మన ఏ పల్లెలోనైనా కనిపిస్తుంది. ఆ నూనెలో ఏముందో తర్వాతి మాట. ఆ అరచేతుల్లో చాలా ఉంది.

ఎవరూ లేని చోట

1966లో రుమేనియా పాలకుడు చౌషెస్కు జనాభా పెంచాలని గర్భస్రావాలను నిషేధించాడు. పెంచలేని పిల్లల్ని కుటుంబాలు ప్రభుత్వ శిశుగృహాల్లో వదిలేశాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి ఆ గృహాల్లో సుమారు 1,70,000 మంది పిల్లలున్నారు. తిండి ఉంది, పైకప్పు ఉంది. వరసగా మంచాలు, ఒక్కో ఆయాకు పది పన్నెండు మంది పిల్లలు. ఏడ్చినా ఎవరూ రారని తెలిసి ఏడుపు మానేసిన పిల్లల నిశ్శబ్దం, అక్కడికి వెళ్లిన వాళ్లను వెంటాడింది.

చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు బుకారెస్ట్‌లో ఆరు నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. చీటీ వేసినట్టు సగంమందిని ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చిన పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతా సగంమందికి ఉన్న ఏర్పాటే కొనసాగింది. నాలుగున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే, శిశుగృహాల్లో ఉన్నవారి సగటు 73, పెంపుడు ఇళ్లకు వెళ్లినవారి సగటు 81, ఊళ్లో సొంత కుటుంబాల్లో పెరిగిన పిల్లలది 109. మెదడు విద్యుత్ తరంగాల్లోనూ, ఒత్తిడికి ఒళ్లు స్పందించే తీరులోనూ తేడా కనిపించింది. రెండేళ్లలోపు కుటుంబాన్ని చేరినవాళ్లు బాగా కోలుకున్నారు. ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమైంది.

పాప్‌కార్న్ గింజ లాంటిది కాదు పసి మెదడు, ఎప్పుడు వేడి తగిలితే అప్పుడు విచ్చుకోవడానికి. విత్తనానికి అదను ఉన్నట్టే దానికీ ఉంది. కరిసల్ రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. అదను తప్పిన చేను పూర్తిగా ఎండిపోకపోవచ్చు, కానీ ఎంత నీరు పెట్టినా అదనులో కురిసిన వానకు సాటి రాదు. అందుకే 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు, మూడేళ్లలోపు పిల్లలకు దిక్కులేనప్పుడు ఆశ్రమం కాక కుటుంబమే చూపాలంటాయి. మన దేశంలో మిషన్ వాత్సల్య కింద అలాంటి పిల్లలు బంధువుల ఇళ్లలోనే పెరిగేలా నెలకు 4,000 రూపాయల సాయం ఇచ్చే ఏర్పాటుంది. టపాకాయల ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు తల్లినో తండ్రినో, ఒక్కోసారి ఇద్దరినీ తీసుకుపోయే విరుదునగర్ జిల్లాలో ఆ సాయం విలువ డబ్బుతో కొలిచేది కాదు. బిడ్డను తనకు తెలిసిన చేతుల్లోనే ఉంచుతుంది అది.

తొలి గంటల ఎడబాటు

నెలలు నిండక, బరువు తక్కువై పుట్టిన బిడ్డను వెంటనే వెచ్చటి పెట్టెలో పెట్టి తల్లికి దూరంగా ఉంచడం ఆసుపత్రుల అలవాటు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో పెట్టెలు చాలక డాక్టర్ ఎడ్గార్ రే తల్లుల గుండెల మీదే, చర్మానికి చర్మం తగిలేలా బిడ్డల్ని కట్టించారు. కంగారూ సంరక్షణ అలా పుట్టింది. బిడ్డ కాస్త కుదుటపడ్డాకే అలా చేయాలని చాలాకాలం అనుకున్నారు. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో 3,211 మంది శిశువులతో జరిపిన అధ్యయనం 2021లో ఆ నమ్మకాన్ని తిరగరాసింది. కుదుటపడేదాకా ఆగిన బిడ్డల్లో మొదటి 28 రోజుల మరణాలు 15.7 శాతం ఉంటే, పుట్టగానే తల్లి ఒంటికి చేర్చినవాళ్లలో 12 శాతమే. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సును మార్చింది.

విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. పెద్ద ఆసుపత్రి దగ్గర్లోనే ఉండి, బిడ్డను ఊరు దాటించి తల్లిని ఇంకోచోట ఉంచాల్సిన అవసరం ఎంత తగ్గితే అంత మేలు. పెద్ద ఆసుపత్రిలో బిడ్డకు మంచం ఉన్నట్టే, పక్కన తల్లికీ మంచం ఉండాలి. అది సౌకర్యం కాదు, చికిత్స.

ఆ పాప ఎందుకు మొహం తిప్పుకుంది

ఇప్పుడు ఆ వాకిలి దగ్గరికి వెళ్దాం. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డల్ని గమనించి, తర్వాత అమెరికాలో ఒక పరీక్ష రూపొందించింది. ఏడాది వయసు బిడ్డను తల్లి కొత్త గదిలో రెండుసార్లు కాసేపు వదిలి మళ్లీ వస్తుంది. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది ఐన్స్‌వర్త్‌కు ముఖ్యం కాలేదు. తిరిగొచ్చినప్పుడు ఏం చేసిందన్నదే ముఖ్యమైంది. కొందరు పరుగెత్తుకొచ్చి, ఎత్తుకోగానే ఊరడిల్లి మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు అంటుకుపోతూనే కొట్టారు. కొందరు చూడనట్టు బొమ్మలతో ఆడుకున్నారు. ఆ చూడనట్టున్న పిల్లల గుండె చప్పుడును 1977లో కొలిచి చూస్తే అది వేగంగానే కొట్టుకుంటోంది. పైకి ప్రశాంతం, లోపల ఉద్వేగం.

మొహం తిప్పుకోవడం మరుపు కాదన్నమాట. గుర్తు లేని మనిషి మీద అలగడం కుదరదు. పైగా అలా ఒక్క సాయంత్రం తిప్పుకున్న మొహం చూసి బిడ్డ అనుబంధం ఎలాంటిదో తీర్పు చెప్పకూడదు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడాలి. ఆ పాప ఐదు నిమిషాలు అవ్వ భుజం వదల్లేదు. తల్లి లాక్కోలేదు, అరుగు మీద పక్కనే కూర్చుంది. పాప నెమ్మదిగా చెయ్యి చాపి తల్లి గాజును పట్టుకుంది. తర్వాత ఒడిలోకి జారింది, తల్లి చెంప మీద ఒక దెబ్బ వేసింది, అప్పుడు ఎలుగెత్తి ఏడ్చింది. పగలంతా అవ్వ దగ్గర బుద్ధిగా ఉన్న బిడ్డ అమ్మ రాగానే పేచీ పెడితే, దిగులంతా దించుకోవడానికి దానికి చోటు దొరికిందని అర్థం.

పనికెళ్లే అమ్మ తప్పు చేస్తోందా

1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ తల్లికి దూరమైన పిల్లల గురించి రాసిన నివేదిక లోకం కళ్లు తెరిపించింది. దాన్నే పట్టుకుని కొందరు, తల్లి ఇల్లు కదిలితే బిడ్డ చెడిపోతుందని ప్రచారం చేశారు. మైకేల్ రటర్ అనే మనోవైద్యుడు 1972లో ఆ వాదనను విడదీసి చూపించాడు. 1991లో అమెరికాలో మొదలై 1,364 మంది పిల్లల్ని అనుసరించిన పెద్ద అధ్యయనం, తల్లి కాక ఇతరులు చూసుకున్నంత మాత్రాన అనుబంధం దెబ్బతినదని తేల్చింది. ఇంట్లో స్పందన కొరవడి, చూసుకునే చోటూ నాసిగా ఉన్నప్పుడే ముప్పు పెరిగింది.

అలాగని ఏ ఏర్పాటైనా ఫర్వాలేదని కాదు. 2004లో బెర్లిన్‌లో 15 నెలల పిల్లలు 70 మంది శిశు సంరక్షణ కేంద్రాల్లో చేరినప్పుడు కార్టిసాల్ కొలిచారు. తల్లి పక్కన కూర్చున్న తొలి రోజుల్లో, తల్లితో గట్టి అనుబంధం ఉన్న పిల్లల్లో అది తక్కువగా ఉంది. తల్లి వెళ్లిపోవడం మొదలయ్యాక అందరిలోనూ బాగా పెరిగింది. తల్లి ముందు కొన్ని రోజులు పక్కనే ఉండి, అక్కడి ఆయా బిడ్డకు ‘మనది’ అయ్యాక మెల్లగా తప్పుకోవడం మేలని ఇలాంటి పరిశోధనలు నేర్పాయి.

తల్లినో తండ్రినో పోగొట్టుకున్నా నిలబడ్డవాళ్లు ఈ నేల మీదే ఉన్నారు. కోవిల్‌పట్టి పక్కనున్న ఎట్టయపురంలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతికి ఐదేళ్ల వయసులో తల్లి పోయింది. విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్‌కు ఆరేళ్ల వయసులో తండ్రి పోతే తల్లి శివకామి, నాయనమ్మ పార్వతి పెంచారు. ఇద్దరి పేర్లు చూపించి బాధ మంచిదే అనడం అన్యాయం. ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మందిని దశాబ్దాల పాటు గమనించింది. కష్టాల మధ్య పెరిగినవాళ్లలో మూడో వంతుమంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లకు చిన్నప్పుడు కనీసం ఒక్క నమ్మకమైన పెద్ద మనిషి తోడుంది. చాలాసార్లు ఆ మనిషి అవ్వో తాతో.

అక్క బడికి, అవ్వ పనికి

ఒకప్పుడు ఈ ప్రాంతపు ఇళ్లలో చంటిబిడ్డను చంకనేసుకున్నది అక్క. ఆ అక్క కూడా చిన్నపిల్లే. ఇంకొంచెం పెద్దదైతే ఆమే తెల్లారకముందే ఫ్యాక్టరీ బస్సెక్కేది. శివకాశి బాల కార్మికుల మీద న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, పనిలో పెట్టుకున్న ప్రతి బిడ్డకూ యజమాని 20,000 రూపాయలు కట్టాలని తీర్పు చెప్పింది. అక్క బడికి వెళ్లింది. వెళ్లాల్సిందే. అవ్వ కూడా ఊరికే కూర్చోలేదు. ఉపాధి హామీ పనికి వెళ్తుంది, లేదంటే ఇంటి దగ్గరే అగ్గిపెట్టెలు చేస్తుంది. అక్క చంక, అవ్వ ఒడి రెండూ ఖాళీ లేనప్పుడు ఉయ్యాల ఒంటరిదవుతుంది.

చట్టాల్లో ఈ బిడ్డ లేకపోలేదు. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది పనిచేసే చోట శిశు కేంద్రం పెట్టి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకునే వీలివ్వాలంది. ఉపాధి హామీ పని దగ్గర చిన్నపిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక కూలీనే కేటాయించి ఆమెకూ కూలి ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. కానీ చిన్న షెడ్లు, ఇంటి దగ్గర చేసే ముక్క పనులు ఆ అంకెలకు అందవు. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగినికి 2021 నుంచి ఏడాది ప్రసూతి సెలవు ఉంది. దినకూలీ తల్లికి ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద మొత్తం 18,000 రూపాయల సాయం అందుతుంది, సెలవు అందదు. అంగన్‌వాడీలో ఆటపాటల చదువు కాస్త ఎదిగిన పిల్లలకు. అదను దాటిపోయే తొలి ఏళ్లే అన్నిటికంటే అనాథగా ఉన్నాయి.

సముద్రం దాటిన ఉయ్యాల

ఇదే ప్రశ్న ఇప్పుడు అమెరికాలోని తెలుగిళ్లలోనూ ఉంది. అక్కడి 1993 నాటి చట్టం ఇచ్చేది జీతం లేని 12 వారాల సెలవు. డేకేర్ ఖర్చు భరించలేక, బిడ్డను ఏడాదో రెండేళ్లో ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచే దంపతులున్నారు. అమ్మమ్మ ఒడి బిడ్డకు లోటు చేయదు. చిక్కంతా మార్పుల దగ్గర ఉంది. ఆరో నెలలో తల్లిని విడిచిన బిడ్డ రెండో ఏట తల్లిని చేరడమంటే, తనకు అమ్మలాంటి అమ్మమ్మను పోగొట్టుకోవడం కూడా. పెద్దవాళ్లకది కలయిక, బిడ్డకు రెండో ఎడబాటు. కొన్ని వారాలు అమ్మమ్మ కూడా అక్కడే ఉండి, బిడ్డను చేయి మార్చి ఇవ్వడం మంచిది. ఆ తర్వాత కూడా రోజూ ఫోన్ తెర మీద ఆ ముఖం కనిపించాలి.

చేతిలో ఉన్న పనులు

వెళ్లేటప్పుడు బిడ్డ కళ్లుగప్పి వెళ్లకూడదు. ఏడ్చినా సరే, ‘పోయొస్తా’ అని చెప్పి వెళ్లాలి. దొంగచాటుగా మాయమైతే, అమ్మ ఎప్పుడైనా మాయమైపోవచ్చని బిడ్డ నేర్చుకుంటుంది. చూసుకునే మనిషి రోజూ ఒకరే ఉండాలి. తల్లి చీర ముక్క, అలవాటైన జోల, అలవాటైన తిండి మారకూడదు. శిశు కేంద్రంలో గోడల రంగు కంటే ఆయా ముఖ్యం. ఆమెకు చాలినంత జీతం ఇస్తేనే ఆ ఉద్యోగంలో నిలబడుతుంది, ఆమె నిలబడితేనే బిడ్డ నిలబడుతుంది. పది చిన్న షెడ్లు కలిసి ఒక కేంద్రాన్ని నడపవచ్చు. ఆ ఊరి అంగన్‌వాడీకే ఇంకొక గది, ఇంకొక మనిషి కలపవచ్చు. ఇవేవీ కొత్త యంత్రాలు అడగవు. ఎవరో ఒకరు కదలకుండా ఉండాలన్నదే అవి అడిగేది.

ఆ సాయంత్రం వెళ్లొస్తానని నేను లేచేసరికి పాప ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. తల్లి కొంగు పట్టి లాగి తన మొహం మీద కప్పుకుంది. తల్లి పిలిచింది. కొంగు చాటున ఎక్కిళ్లు ఆగాయి. రేపు ఏడింటికి మళ్లీ వ్యాన్ వస్తుంది, పాప మళ్లీ ఏడుస్తుంది, అవ్వ చంకన వేసుకుని కోళ్లను చూపిస్తుంది. ప్రస్తుతానికి పాప కొంగు తీసి తల్లి ముఖం చూసింది. ముఖం అక్కడే ఉంది. మళ్లీ కప్పుకుంది.